కంటి రాయి

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి, డెన్మార్క్‌లోని ఏరో ద్వీపంలో డాగ్నీ ఇంట్లో, రూపర్ట్ లేచి చెంచాతో గ్లాసు మీద కొట్టాడు. బల్ల చుట్టూ ఉన్న తక్కిన ముగ్గురూ తినడం ఆపారు.

రూపర్ట్‌ది ఇంగ్లండులోని లీడ్స్. డాగ్నీ మనవరాలు సిగ్నేని పెళ్లాడతానని వచ్చాడు. డాగ్నీ షరతు ఒకటే. ఎందుకు చేసుకుంటాడో తన ఎదుట నిలబడి చెప్పాలి. నచ్చితే తన వేలి ఉంగరం మనవరాలికి ఇస్తుంది. నచ్చకపోతే సాయంత్రం పడవకి అతను ఒంటరిగా వెళ్తాడు.

డాగ్నీకి డేనిష్ తప్ప మరో భాష రాదు. సిగ్నే తాను చెబుతానంది.

"నువ్వొద్దు. వాడేం వాగినా నీకు తేనే," అంది డాగ్నీ. "ఒరే ప్రెబెన్, నువ్వు చెప్పు."

పక్కింటి ప్రెబెన్ ముప్పై ఏళ్లు ఓడల్లో వంట చేశాడు. ఇంగ్లీషు రేవుల్లో నేర్చాడు.

రూపర్ట్ అరచేతిలో రాసుకున్నది చూసుకుని మొదలుపెట్టాడు. సిగ్నే చేతిలో ఫోర్కు జారిపడింది.

"అమ్మమ్మా, ఒక్క నిమిషం. అసలు అతను..."

"నోర్ముయ్యవే. విననీ."

ప్రెబెన్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"సిగ్నేని చూసిన రోజు పిల్లులూ కుక్కలూ కురిశాయట అక్కా."

"కుక్కలు కురవడమేంట్రా?"

"వాళ్లు జోరువానకి అలా అంటారులే. మన లెక్కలో, చెప్పులు కుట్టే కుర్రాళ్లు కురిశారు."

"అలా చెప్పు. అర్థమై చస్తుంది."

రూపర్ట్ నుదురు తుడుచుకుని ఇంకో మాట అన్నాడు.

"వెంటనే పెళ్లి మాట ఎత్తలేదట. గుర్రాల్ని పట్టి ఆపాడట. అంటే, మనం గుర్రాన్ని తట్టమంటాం చూడు, అదీ."

"నిదానస్తుడే," అంది డాగ్నీ.

ప్రెబెన్ రూపర్ట్ వైపు తిరిగి మెల్లగా చెప్పమని సైగ చేశాడు. "లీడ్స్ యాస అక్కా. సగం మాట గొంతులోనే మింగేస్తున్నాడు. నేను గనక పట్టుకుంటున్నా."

సిగ్నే మొహానికి రుమాలు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"ఏడవకే పిల్లా," అంది డాగ్నీ.

రూపర్ట్ చివరి మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"సిగ్నే తన కంట్లో ఆపిల్ పండట," అన్నాడు ప్రెబెన్.

"పండా? కంట్లోనా?"

"మనం కంటి రాయి అంటామే, అంత ప్రాణమట."

డాగ్నీ ముక్కు చీదింది. ఉంగరం వేలి నుంచి రాలేదు. వెన్న రాసి లాగి సిగ్నే చేతిలో పెట్టింది.

"పిల్లాడు బంగారం. ఒక్కటే లోటు. వచ్చే వేసవికల్లా మన భాష నాలుగు ముక్కలు నేర్చుకు రమ్మనరా."

ప్రెబెన్ ఆ సంగతి ఇంగ్లీషులో చెప్పాడు. రూపర్ట్ కుర్చీలో కూలబడ్డాడు.

అప్పటిదాకా అతను మాట్లాడింది డేనిష్.