చిన్న ఫోనులో వినపడనిది

కూతురి సంచిలో జొన్నరొట్టెల డబ్బా, నీళ్ళ సీసా, తువ్వాలు, జ్వరం మాత్రలు పెట్టింది సంతోషమ్మ. పైన గొడుగు కూడా దూర్చబోతుంటే లావణ్య నవ్వింది.

"ఆదోనికే గదమా పోతాండేది. పొద్దు గూకేలోపల ఇంట్లో ఉంటా."

"మీ నాయన కూడా బిరీన వస్తా అనే పోయినాడు."

లావణ్య ఉయ్యాలలో ఉండగా గుంటూరు వైపు మిరపకోతలకు పోయిన మనిషి, అక్కడే జ్వరమొచ్చి చనిపోయాడు. అప్పటినుంచి ఎమ్మిగనూరు బస్టాండులో ఎవరిని బస్సెక్కించినా సంతోషమ్మ అది కదిలేదాకా కిటికీ కమ్మీ వదలదు. ఇప్పుడు ఇంట్లో ఉన్నది తల్లీకూతుళ్ళిద్దరే.

ఆదోనిలో ఆ రోజు జరగబోయేది పెళ్ళీ కాదు, జాతరా కాదు. సినిమాల్లో మాటల వెనక వినిపించే సంగీతమంటే ప్రాణం పెట్టే కొందరు ఒకచోట కూర్చుని వినడం, అంతే. ఫోనులో వాళ్ళకో గ్రూపుంది. ఒకరు ఓ ముక్క పంపుతారు, ఏ సినిమాదో చెప్పరు. బొమ్మ చూడకుండా విని, తెర మీద ఏం జరుగుతుంటుందో ఎవరికి తోచింది వాళ్ళు గొంతు రికార్డు చేసి పంపాలి.

లావణ్య బట్టలకొట్టు నుంచి రాగానే వంటింటి గట్టు మీద ఫోను పెట్టేది. సంతోషమ్మ రొట్టెలు తడుతూ ఏదో ఒకటి అనేది. తబలా ముక్క వింటే పిల్లలు మెట్లు దిగుతున్నారని, వీణ ముక్క వింటే ఎవరో అబద్ధమాడి నవ్వుతున్నారని. కూతురు ఆ మాటలు చడీచప్పుడు లేకుండా రికార్డు చేసి గ్రూపులో పెట్టేసేది. ఆదోనిలో బట్టలు కుట్టే ఖాతూన్ బీ, మీ అమ్మ గొంతు వస్తే మిషను ఆపి వింటానని కబురు పంపింది. అందరికీ నచ్చింది, ఒక్క మారుతికి తప్ప.

మారుతి ఆదోనిలో మైకుసెట్లు అద్దెకిస్తాడు. వయొలిన్ల ముక్క ఒకటి వచ్చినప్పుడు మొదలైంది తగువు. ఎవరో ఇల్లు విడిచి పోతున్నారని సంతోషమ్మ అంది. పోవడం కాదు, రావడమని మారుతి అన్నాడు. పోతుంటే సద్దు పలచబడాలి, ఇది చిక్కబడుతోంది కదా అని అడిగాడు. చిక్కబడేది వాకిట్లో నిలబడినవాళ్ళ గుండె అని ఆమె జవాబు పంపించింది. వానాకాలమంతా ఆ వయొలిన్ల మీదే గడిచింది.

రోజూ సాయంత్రం అతని గొంతు వచ్చేది, నవ్వు ఆపుకుంటున్నట్టుగా. ఆడపిల్ల ఉన్న ఇంటికి ఇన్ని కబుర్లెందుకని సంతోషమ్మకు అనుమానం పుట్టింది. అనుమానంతోనే ఒక్కో కబురూ మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని వినేది.

"పాపా, ఆ మారుతి కూడా వస్తాడా ఆడికి?"

"వాళ్ళ షాపులోనే గదా కూచునేది."

"అట్లయితే నేనూ వస్తా."

లావణ్య కాదనలేదు. తల్లి నీలం చీర అప్పటికే ఇస్త్రీ చేసి ఉంది.

మారుతి షాపు నిండా మనిషెత్తు స్పీకరు బాక్సులు. ఖాతూన్ బీ సంతోషమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి వదల్లేదు. నగారా ముక్క ఒకటి వేస్తే ఒకాయన యుద్ధమన్నాడు. కాదు, పెళ్ళి తర్వాతి వలీమా విందుకు పెద్ద పెద్ద డేగిశాలు దించుతున్నారని ఖాతూన్ బీ అంది. గది గదంతా నవ్వింది, సంతోషమ్మ కూడా.

ఆ తర్వాత వయొలిన్ల ముక్క పెట్టాడు మారుతి.

ఆమె కళ్ళు మూసుకుంది. అవే వయొలిన్లు. కానీ వాటి కింద ఇన్నాళ్ళూ లేనిదేదో ఉంది. బరువుగా, మెల్లగా, బండి చక్రం దొర్లినట్టు. నేల అదిరి అరికాళ్ళకు తగులుతోంది. దూరం పోవడం లేదు, దగ్గరికి వస్తోంది.

"ఇది మా ఫోన్లో లేదే," అంది.

"ఉంటాది," అన్నాడు మారుతి. "సిన్న ఫోనుకు ఆ కింది సద్దు పలకదు. అందుకే మిమ్మల్ని పిల్చుకోని రమ్మని అంతగా సెప్పినా."

ఇంకోసారి వేయమంది. విని, తల ఊపింది.

"పోయేటోళ్ళు కాదు. వచ్చేటోళ్ళే."

అందరూ చప్పట్లు కొట్టారు. మారుతి కొట్టలేదు. టీ తెస్తానని బయటికి పోయి, టీ మరిచిపోయి తిరిగొచ్చాడు. అప్పుడు ఖాతూన్ బీ అసలు సంగతి ఎత్తింది. మారుతికి తాగుడు లేదు, ఇంట్లో దీపం పెట్టేవాళ్ళూ లేరు. ఒప్పుకుంటే పెళ్ళి చేసుకుంటాడు.

సంతోషమ్మ కూతురి వైపు చూసింది. లావణ్య తల వంచుకుని నవ్వుతోంది.

"నాకైతే ఇష్టమే మా. నువ్వు ఊ అంటేనే ఏదైనా."

"ఉండేది ఇద్దరం. ఒకరు పోతే ఇంగొకరు ఒంటరే గదా."

"గంట బస్సు మా."

ఊ అనడానికి ఆమెకు కార్తీకం దాకా పట్టింది. పక్కింటి రామమ్మ మాత్రం ఆ ఇల్లు బోసిపోతుందని అప్పుడే కళ్ళొత్తుకుంది. పెళ్ళి మాఘంలో, ఆదోనిలో. తాళి కట్టే వేళకు మేళంవాళ్ళను ఒక్క నిమిషం ఆగమని, మారుతి తన బాక్సుల్లో ఆ వయొలిన్లే వేయించాడు. గ్రూపువాళ్ళంతా కళ్ళు మూసుకుని విన్నారు, అక్షింతలు వేయడం కూడా మరిచిపోయి.

సాయంత్రం బస్టాండులో తల్లీకూతుళ్ళు పట్టుకుని ఏడ్చారు, ఏడుస్తూనే నవ్వారు. ఒకరు ఎమ్మిగనూరు బస్సెక్కారు. ఒకరు మారుతి పక్కన నిలబడి, బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపారు.

ఆ మాఘంలో ఆదోనికి పెళ్ళికూతురుగా పోయి తిరిగి రానిది సంతోషమ్మ.