రాహుకాలం పోయాక

"వైరు పెట్టినా నెట్ రాలేదేమప్పా? పాప గురుకులం సీటుకు ఈ పొద్దు ఐదింటికే ఆఖరు," అంది సునంద.

"కొత్త కంప్యూటర్లో లైనక్స్ ఎక్కించినా వదినా. నీకు చెప్పినా తెలీదులే." మరిది కిషోర్ గంట నుంచీ నల్ల తెరమీద కమాండ్లు కొడుతూనే ఉన్నాడు.

నాలుగున్నర కాగానే అత్త మగ్గం గుంటలోంచి లేచి, గోడకున్న నెట్టు డబ్బా స్విచ్ వేసింది. "మంగళవారం రాహుకాలంలో కొత్త మిషను నడపగూడదని నేనే ఆపింటి. వానికి చెప్పొద్దు, అరుస్తాడు," అని సునంద చెవిలో ఊదింది.

"చూసినావా, నా కమాండు! నెట్ వచ్చె!" కిషోర్ కాలరెగరేశాడు.

"నీ చదువే చదువప్పా. ముందు ఫారం నింపు."

"తల్లి చదువు ఏమని రాసేది వదినా?"

"పదో తరగతి తప్పిందని రాయి," అంది సునంద, గొంతు తగ్గించకుండా.