గేదెభాష మొదటి పాఠం

గేదెభాష నేర్పే కోర్సు ఖరీదు పెయ్యదూడ ఖరీదంత. అయినా ఊళ్లో పాలు అమ్మే ప్రతి ఇంట్లోనూ ఒకరు నేర్చుకున్నారు. పైడమ్మ ఇంట్లో ఆమె మొగుడు సన్యాసప్పడు నేర్చుకున్నాడు. పాలు పెరిగాయి. అయితే పొద్దున్నే పశువుల శాలలోకి వెళ్లి గంటసేపు గేదెతో గురగురమంటూ కబుర్లాడే మనిషి, ఇంట్లోకొస్తే నోరు విప్పడు.

"ఏటయ్యా, దాంతో అంతసేపు ఊసులు?"

"ఏటుంతాయే, మేత సంగతులు."

"నాకూ కొను ఆ పాటాలు."

"పాలు పిండీది నాను. నీకెందుకే, దండగ!"

మొదటి పాఠం ఉచితం. పైడమ్మ దాన్ని ఫోనులో చాటుగా నేర్చుకుని, మర్నాడు గడ్డిమేటు వెనక నిలబడి విన్నది. గేదెభాషలో కూర అనే మాట లేదు; తినేదేదైనా మేతే.

"నిన్న మా ఆడది పెట్టిన మేత బాగుంది. అలాంటి మేత ఎవరూ పెట్టలేరు," అంటున్నాడు సన్యాసప్పడు.

గేదె ఏదో అడిగింది. అతను చాలాసేపు జవాబు చెప్పాడు. ఆ మాటలేవీ మొదటి పాఠంలో లేవు.

మధ్యాహ్నం కంచంలో చేపల పులుసు వేసి, "ఎలాగుంది?" అని అడిగింది పైడమ్మ.

"ఊఁ," అన్నాడు.

ఆమె గరిటె పక్కన పెట్టి, ఫోను తీసి, మిగిలిన పాఠాలన్నీ కొనేసింది.

"నీకెందుకే అంటే ఇనవా?"

"నీతో పన్నేదులే. ఆ గేదితో నాను మాటాడాల."