ఆవులింతల ఆల్బం

"మళ్ళీ నా రికార్డ్ ప్లేయర్ తుడిచావా?" రామమోహన్ అడిగాడు.

"దుమ్ముంది, తుడిచాను," అంది నళిని.

"గుడ్డ పెట్టొద్దన్నానా? సూది విరిగితే ఎవరు తెస్తారు?"

"సూది జోలికి పోలేదండీ. చుట్టూ తుడిచాను. ఆదివారం తప్ప మీరు దాని మొహం చూడరు. మిగతా ఆరు రోజుల దుమ్మూ నాదేగా."

1983లో శాన్ రామన్‌లోని ఆ ఇంట్లో సోమవారం అలా మొదలైంది. కూతురు విద్య ఇద్దరి మధ్య నుంచి దూరి, చంకలోని ఎల్పీ రికార్డు తీసి ప్లేయర్ మీద పెట్టింది.

విద్య కాలేజీ పత్రికలో రాక్ సంగీతం మీద కాలమ్ రాస్తుంది. అందరూ అన్నదే తనూ అంటోందని ఎడిటర్‌కి విసుగు. గురువారం సంచికకి ఎవరూ అననిదేదైనా రాయకపోతే కాలమ్ ఇంకొకరికిస్తానన్నాడు.

"పోతే పోనీ. ఆర్గానిక్ కెమిస్ట్రీకి టైమ్ మిగులుతుంది," అన్నాడు రామమోహన్.

"కెమిస్ట్రీ ఎవరైనా చేస్తారు డాడీ. ఈ కాలమ్ నాది."

ఆ ఎల్పీ ఒక పేరుమోసిన గిటారిస్టుది. నాలుగేళ్ళ కిందట సొంత బ్యాండ్‌కి సెలవిచ్చి, టిన్ కెనూ అనే రెండో బ్యాండ్‌తో చేశాడు. విమర్శకులందరిదీ ఒకటే మాట: ఆవులింతలు. గ్యారేజ్ సేల్‌లో ఎవరూ కొనకపోతే విద్యకి ఊరికే ఇచ్చేశారు. తను వినడం ఇదే మొదటిసారి.

మొదటి పాటకే లేచి నిలబడింది.

"మామ్, ఆ క్రిటిక్స్‌కి చెవులున్నాయా అసలు?"

"ఏమో. బీన్స్ మాత్రం తొందరగా తెగుతున్నాయి," అంది నళిని వంటింట్లోంచి.

విద్య ఆ రాత్రే రాసేసింది: "దీన్ని నిద్రమాత్ర అన్నదెవరు? ఇది పరుగు. బొంగురు గొంతుతో పేరు తెచ్చుకున్న మనిషి, ఆ గొంతు వదిలేసి చిన్నపిల్లాడిలా సన్నగా పాడాలంటే ఎంత ధైర్యం కావాలి?"

శనివారం భోజనాల దగ్గర విద్య కాళ్ళు నేల మీద లేవు.

"కాలమ్ నాదే డాడీ. ఎడిటర్ తన కాపీ తీసి మళ్ళీ విన్నాడట. ఆ పరుగు ఇన్నాళ్ళూ తనకెందుకు వినిపించలేదా అని సిగ్గుపడ్డాడు. కాలేజ్ రేడియో డీజే ఆ సన్న గొంతు విని ఏడ్చానన్నాడు. మ్యూజిక్ ప్రొఫెసర్ తన దగ్గరున్న కాపీ నిన్న క్లాస్‌లో ప్లే చేసి, ఈ స్పీడ్ మామూలు చెవులకి అందదన్నాడు."

"రేపు నా భజనల కంటే ముందు అదే వేద్దాం," అన్నాడు రామమోహన్, పప్పు కలుపుకుంటూ.

"నేనొకటి నిర్ణయించుకున్నాను," అంది నళిని. "ఇకమీదట ఆ ప్లేయర్ తుడవను."

"ఇన్నాళ్ళకి నా మాట విన్నావు."

"వినక చస్తానా," అంది నళిని ఆయన కంచంలో పెరుగు వేస్తూ, "నిమిషానికి ముప్ఫై మూడు చుట్ల మీద ఉండాల్సిన వేగం మీట సోమవారం నా గుడ్డ తగిలి నలభై ఐదుకి జరిగిందని ఇందాకే చూశాను."