పదిహేడో సీసా

ల్యాబ్ బల్ల మీద ముప్పై రెండు సీసాలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో వీధి పేరు.

పదిహేడో సీసా మీద 'రంగుల ఫ్యాక్టరీ వెనక వీధి' అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. అందులో నీళ్లు తేటగా ఉన్నాయి.

అక్కడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి, కళ్లకు కనబడేదాని కన్నా మెషీన్ చూపించే అంకె మీదే నాకు గురి.

ఆ ఏడు మా కాలేజీలో పర్యావరణ న్యాయాన్ని అన్ని సబ్జెక్టుల్లోనూ చెప్పాలన్నారు. ఫ్యాక్టరీల మురికి ఎప్పుడు చూసినా పేదవాళ్ల గుమ్మం ముందుకే ఎందుకొస్తుందో పిల్లలకు తెలియాలట.

పిల్లలు తమ తమ ఇళ్ల నుంచి తెచ్చిన నీళ్లను నేను పరీక్ష చేయించాలి. వచ్చిన అంకెలతో స్టాటిస్టిక్స్ మేడమ్ గ్రాఫులు గీయిస్తారు. రోగాల వల్ల వచ్చే నష్టం ఎకనామిక్స్ ఆయన చూసుకుంటాడు. సాహిత్యం చెప్పే పెద్దాయన నీటి మీద కవితలు రాయిస్తాడు. నలుగురికీ కలిపి ఒకటే రిపోర్టు.

మొదటి రోజు క్లాసులో, ఆ రంగుల ఫ్యాక్టరీకి దగ్గర్లో ఎవరుంటారని అడిగాను. అందరూ వెనక్కి తిరిగి చివరి బెంచీలో అమ్మాయిని చూశారు.

"ఇంకేం, మన శాంపిల్ మన క్లాసులోనే కూర్చుని ఉంది," అన్నాను.

క్లాసంతా గొల్లున నవ్వింది. ఆ అమ్మాయి కూడా నవ్వింది. మంచి జోకే వేశాననుకున్నాను.

రిపోర్టు వచ్చింది. ఆ వీధి నీళ్లు భేషుగ్గా ఉన్నాయని తేలింది. రిపోర్టు విడుదల సభలో, భయం వేరు, వాస్తవం వేరు అని స్టాటిస్టిక్స్ మేడమ్ తెర మీద గ్రాఫు చూపించారు. సభకు వచ్చిన మునిసిపాలిటీ అధికారి అందరికన్నా ఎక్కువసేపు చప్పట్లు కొట్టి, ఒక కాపీ చంకలో పెట్టుకుని వెళ్లాడు.

వారం తిరక్కుండానే ఆ వీధికి తాగునీళ్ల ట్యాంకరు రావడం మానేసింది.

మర్నాడు నేను అన్నం తింటుంటే ఆ అమ్మాయి స్టాఫ్ రూములోకి వచ్చింది.

"ఆ నీళ్లు మా ఇంటివి కావు సార్."

మరెక్కడివని అడిగాను. కిటికీలోంచి వరండాలో ఉన్న కూలర్ వైపు చూపించింది.

నాలుగు డిపార్టుమెంట్లు కలిసి ఆర్నెల్ల పాటు మా కాలేజీ కూలర్ మీద పరిశోధన చేశామన్నమాట.

"మా నీళ్లు పసుప్పచ్చగా ఉంటాయి సార్. అందరి సీసాల పక్కన పెట్టడానికి మనసు రాలేదు," అంది.

బ్యాగులోంచి ఇంకో సీసా తీసి నా టిఫిన్ బాక్సు పక్కన పెట్టింది. నాకు తెలియకుండానే బాక్సును ఇవతలికి లాక్కున్నాను. అది చూసింది. నాకు తల కొట్టేసినట్లయింది.

ల్యాబులో ఆ నీళ్లలో రెండు చుక్కల రసాయనం వేశాను. మెషీన్ దాకా వెళ్లే పని లేకపోయింది. నీళ్లు చిక్కటి ఊదారంగుకు తిరిగాయి. క్రోమియం. మనిషి గుక్కెడు కూడా తాగకూడని నీళ్లు.

ప్రిన్సిపల్ గారు ఆ సీసా వైపు కన్నెత్తి చూడలేదు. రిపోర్టు పై ఆఫీసుకు వెళ్లిపోయిందన్నారు. వచ్చే నెల తనిఖీకి వస్తున్నారని, నలుగురు లెక్చరర్లు సంతకం పెట్టింది తప్పని ఒప్పుకుంటే కాలేజీ పరువేం కావాలని అడిగారు. చివర్లో, చాలా నెమ్మదిగా, నా కాంట్రాక్టు పొడిగించే ఫైలు కూడా తన బల్ల మీదే ఉందన్నారు.

నేను నీళ్లు నమిలాను.

దొంగ శాంపిల్ ఇచ్చినందుకు అమ్మాయిని ఏడాదిపాటు కాలేజీకి రావద్దన్నారు. జరిగిందంతా ఒప్పుకుంటూ ఆమె రాసిచ్చిన కాగితం ఆమె ఫైల్లోకే వెళ్లింది, మునిసిపాలిటీకి వెళ్లలేదు. నోటీసు మీద తల్లి సంతకం తెచ్చే పని మాత్రం నాకు అప్పగించారు. నా స్టూడెంటే కదా.

వాళ్లది ఒకే ఒక్క గది. వాకిట్లో ఆరేళ్ల చిన్న కూతురు సుద్దతో గళ్లు గీసుకుని ఒంటికాలి మీద గెంతుతోంది. తల్లి కుట్టుమిషను ముందు నుంచి లేచి, కుర్చీలో ఉన్న బట్టలు తీసి నాకు చోటిచ్చింది. పెద్దమ్మాయి ఏదైనా పని దొరుకుతుందేమోనని వెళ్లిందట.

నోటీసు ఆవిడ చదవలేదు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమని అడిగి, పెట్టేసింది.

"చదువు పాడుచేసుకుని ఏవేవో మాట్లాడుతోంది సార్. ఈ నీళ్లు ముట్టుకోవద్దని పొద్దస్తమానం గొడవ. మీలాంటి పెద్దవాళ్లు ఇంతమంది చూసి చెప్పాక, మీ కంటే దానికెక్కువ తెలుసా?"

నేను నోటీసు మడత పెట్టాను. మళ్లీ విప్పి మళ్లీ మడత పెట్టాను.

"ఇన్నాళ్లూ రంగు చూసి ఊరికే భయపడ్డాం. మీరు బాగున్నాయన్నాకే తాగే ధైర్యం వచ్చింది."

మూలకు వెళ్లి గ్లాసు ఒకటికి రెండుసార్లు కడిగింది. అక్కడి కుండలో నిండా ముంచి తెచ్చి, నాకు రెండు చేతులతో అందించింది.

చెప్పాల్సింది ఒక్క మాట. మహా అయితే ఉద్యోగం పోతుంది. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

"దాహంగా లేదమ్మా," అన్నాను.

మంచినీళ్లు పారబోయడం ఎందుకని, ఆవిడ గెంతి గెంతి రొప్పుతున్న చిన్నదాన్ని లోపలికి పిలిచింది.