కలుగు వాకిట్లో కౌజుపిట్ట

ఎవరికి కాలు విరిగినా మానేదాకా మేపుతానని చెప్పి, పందికొక్కు ప్రతి కోతకూ పొదల్లో అందరి దగ్గరా దోసెడు గింజలు తీసుకునేది. మొహమాటస్థురాలు కుందేలు రెండు దోసిళ్ళు ఇచ్చేది.

ఒకనాడు దున్నపోతు పరుగున వచ్చి కౌజుపిట్ట కాలు తొక్కేసింది. కాలితో నేల గీరితేగాని తిండి దొరకని జాతి, పైగా నలుగురు పిల్లలు. కుంటుకుంటూ కలుగు దగ్గరికి వెళ్ళింది.

“నడిచే వచ్చావుగా చెల్లెమ్మా, కాలు బాగున్నట్టే!” అంది పందికొక్కు.

మర్నాడు కౌజుపిట్ట మైనాతో కబురంపింది.

“అంత అవసరమైతే తనే వచ్చేది కాదూ?” అంది పందికొక్కు.

మూడోనాడు కౌజుపిట్ట పిల్లలతో సహా వచ్చి కలుగు వాకిట్లో కూర్చుంది.

“ఇంటికెళ్ళవా?”

“నడిస్తే బాగున్నట్టేనంటివి. అందుకే నడవను అన్నయ్యా. మానేదాకా ఇక్కడే.”

అవి కోతల రోజులు. గింజలు తెచ్చిన ప్రతివాళ్ళూ ఆ కాలు చూసి, సంగతి విని, గింజలతోనే వెనుదిరిగారు. కుందేలు కూడా, మొహమాటపడుతూనే.

సాయంత్రానికి పందికొక్కు పిల్లల ముందు గింజలు పోసింది. “రోజూ నేనే తెచ్చిస్తాను, ఇక ఇంటికెళ్ళు తల్లీ.”

“ఎలా వెళ్ళను? కాలు విరిగిందిగా. మోసుకెళ్ళు.”

పందికొక్కు వీపెక్కి కౌజుపిట్ట ఇంటికెళుతుంటే చూడటానికి పొదలన్నీ ఖాళీ అయ్యాయి. దారిలో దున్నపోతు కూడా పక్కకు తప్పుకుంది.