ఉక్కుడేగ మీద తీర్పు

“అరవై దాటినవాళ్ళ అభిప్రాయం లేకపోతే పెట్టె ఇవ్వడానికి లేదు మేడమ్. మా కంపెనీ రూలు,” అన్నాడు పుస్తకాల కంపెనీ నుంచి వచ్చిన ధనరాజు.

అట్టపెట్టెలో నలభై బొమ్మల పుస్తకాలున్నాయి. అన్నీ ఉక్కుడేగ అనే వీరుడి కథలే. ఇంకా బజారుకు రానివి. నాలుగు వయసులవాళ్ళు చదివి ఎలా ఉన్నాయో చెబితే, ఫారం నింపుకుని పెట్టెను బడికి ఇచ్చేస్తారు. లేదంటే వచ్చిన జీపులోనే పెట్టె అరకు దిగిపోతుంది.

సుజానా టీచరు పుస్తకాల వంక చూడలేదు. పెట్టె మూతకు అంటించిన ఉత్తరం వంకే చూస్తోంది. మా బడి పిల్లలకు పుస్తకాలు పంపండి అని ఆమె భర్త ఎలీయేజరు మాస్టారు రాసిన ఉత్తరం అది. మాస్టారు పోయి పది నెలలయింది.

“తేదీ చూస్తే రెండేళ్ళ కిందటిది. మాకు అందింది పోయిన నెల. మీ కొండల్లో పోస్టు ఇంత నిదానమా?” అన్నాడు ధనరాజు.

“ఫారం ఇవ్వండి, నింపుదాం,” అంది సుజానా.

ఏడేళ్ళ మాధవి బొమ్మలన్నీ చూసి, “బాగున్నాడు. అన్నం ఎప్పుడు తింటాడు?” అంది.

ముప్పై ఏళ్ళ గడిలోకి బడి వంటమనిషి సత్యకుమారి వచ్చింది. “ఆ బట్టలు ఒంటికి అంటుకుపోనాయి. ఉతకాలంటే ఎలాగ ఇప్పుతాడమ్మా? నాకు నచ్చలేదని రాయి.”

పన్నెండేళ్ళ కనక చివరిదాకా చదివింది. “ఎగురుతాడు కదా టీచర్. ఇతనుంటే మాస్టారిని ఆస్పత్రికి డోలీలో మొయ్యక్కర్లేకపోయేది.”

సుజానా ఆ మాటనూ ఒక్క అక్షరం మార్చకుండా రాసింది.

ఇక అరవై దాటినవాళ్ళ గడి మిగిలింది. ఊరిపెద్ద భీముడు కర్ర పొడుచుకుంటూ వచ్చి, ఓటరు కార్డు చూపించాడు.

“ఇందులో ఇరవై ఎనిమిదని ఉందే!” అన్నాడు ధనరాజు.

“కార్డులకొచ్చిన బాబు అలాగే రాసినాడు. మా పెద్దోడికి నలభై ఒకటి రాసినాడు.”

“అంటే నువ్వు నీ కొడుకు కంటే చిన్నవాడివా?”

“మరేటి సేత్తాం బాబూ! అప్పుట్నుంచి ఆడు నా మాట ఇండం మానేసినాడు.”

పిల్లలు నవ్వారు. ధనరాజు నవ్వలేదు.

“రైలుదారి ఏసినప్పుడు రాళ్ళు మోసినాను బాబూ. అప్పుటికే నాకు ఇద్దరు పిల్లలు.”

“ఫారంలో రైలుదారి లేదు. కార్డులో ఎంతుంటే అంతే,” అని ధనరాజు ఫారం మడిచి, పెట్టెకు తాడు కట్టడం మొదలుపెట్టాడు.

“కడితే కట్టు. ఈలోగా కథ ఇననీ,” అంటూ భీముడు వరండాలో చతికిలబడ్డాడు. ఊళ్ళో ముసలివాళ్ళు ఇంకో ముగ్గురు ఆయన పక్కన చేరారు. కనక తన చేతిలో ఉన్న పుస్తకం చదివి వినిపించింది. ఏడో పేజీలో భీముడు కర్ర ఎత్తాడు.

“ఆగు గుంటా. కొండ ఎత్తీసినాడా?”

“ఎత్తీసినాడు తాతా. ఎత్తి దొంగ మీద పారేసినాడు.”

“ఆ కొండ మీద పోడు ఎవరిది? కొండదేవతని అడిగినాడా?”

కనక బొమ్మలో వెతికింది. “అడగలేదు తాతా.”

“మళ్ళీ ఉన్న సోట పెట్టినాడా?”

కనక చివరి పేజీ తిప్పి చూసింది. “నేదు. ఎగిరి ఎల్లిపోనాడు.”

నలుగురు ముసలివాళ్ళూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నారు. తర్వాత భీముడు లేచి నిలబడ్డాడు.

“కొండ ఎత్తడం తప్పు. ఒక మేక, రెండు కుండల జీలుగు కల్లు. ఆడే వొచ్చి కట్టాల.”

“ఎవరు రావాలి?” అన్నాడు ధనరాజు.

“ఆ ఎర్ర గుడ్డలోడు.”

“అతను బొమ్మయ్యా! వట్టి కాగితం మీద మనిషి!”

“నాకు ఇరవై ఎనిమిదన్నదీ కాగితం మీద మాటే గదా. అది నమ్మినావు.”

భీముడు పెట్టె మీద విస్తళ్ళు కుట్టే అడ్డాకు ఒకటి పరిచి, దానిమీద రాయి పెట్టాడు. “ఆడొచ్చి తప్పు కట్టీదాకా ఈ సామాను ఊర్లోనే ఉంటాది. ఎవులూ ముట్టకూడదు.”

“ధర్మా, ఈ పెట్టె బండెక్కించు!” అని డ్రైవరును కేకేశాడు ధనరాజు.

ధర్మ ఆకు వంక చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. “పెద్దలు ఆకేసిన సామాను ముట్టుకుంటే, నా జీపు మళ్ళీ ఈ కొండెక్కదు సార్. మీరు నడిచి దిగుతానంటే మీ ఇష్టం.”

ధనరాజు మడిచిన ఫారం విప్పి, మిగిలిన గడిలో ‘అరవై దాటిన పాఠకులు పుస్తకాలను జప్తు చేశారు’ అని రాసుకుని జీపెక్కాడు.

జీపు మలుపు తిరిగాక పిల్లలు పెట్టె చుట్టూ మూగారు. ఆకు ఉంది కాబట్టి ఎవరూ చెయ్యి వెయ్యలేదు. భీముడు ఇంటికి వెళ్ళాడు. కాసేపటికి ఒక మేకను తోలుకొచ్చి, వరండా గుంజకు కట్టి, పెట్టె మీద రాయీ ఆకూ తీసేశాడు.

“కల్లు సందేళకి వొస్తాది. తీసుకోండర్రా,” అన్నాడు.

పిల్లలు పెట్టె మీద పడ్డారు.

“కొండ ఎత్తింది బొమ్మలో మనిషి కదా తాతా. మేక నువ్వు కడతావేంటి?” అంది సుజానా.

భీముడు మూత మీది ఉత్తరాన్ని వేలితో తాకి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“తప్పు ఆడిది కాదు పంతులమ్మా, నాది. సంతకెల్లినప్పుడు పోస్టులో ఎయ్యమని మాస్టారు నా సేతికిచ్చిన ఉత్తరం, మొన్నామధ్య ఇంటికి కొత్త గడ్డి కప్పీదాకా మా సూరులోనే ఉండిపోనాది.”